ఏడుంపావు లాంచీ

ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. లాండ్రీలో ఆమెతో పనిచేసేవాళ్లలో సగం మంది ఆమెకంటే పెద్దవాళ్లు. అరవై దాటిన యజమాని కూడా "అక్కా, మూడో అంతస్తు దుప్పట్లు అయ్యాయా?" అనే అడుగుతాడు. మొదట్లో నవ్వొచ్చేది, తరవాత అలవాటైపోయింది. నిజానికి ఆ పిలుపు తమ్ముడిది. తల్లి పోయేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, వాడికి ఆరు. వాడు మెట్ల కింద నిలబడి "అక్కా" అని పెట్టే కేకలు విని విని ఇరుగుపొరుగు నోళ్లలో అదే పేరు నిలిచిపోయింది.

హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి, వేడి రోలర్ల మధ్య నుంచి లాగి, మడత పెట్టే చోట ఆమె పని. మడత ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు ఉండాలి. అటు చివర పదకొండేళ్లుగా నిలబడేది వదిన. నిజం వదిన కాదు. నోరూ చెయ్యీ సమానంగా ఆడే మనిషి కాబట్టి ఆ వరస కలిసింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలిపే ప్రతిసారీ ఒక మాట దొర్లేది. రోజుకి ఐదు వందల దుప్పట్లు, ఐదు వందల మాటలు. అందుకే అక్క ఇంట్లో సంగతి వదినకు తెలియకుండా ఉండటం కుదరలేదు.

ఇంట్లో సంగతి తమ్ముడే. అతను కుర్చీల ఫ్యాక్టరీలో వడ్రంగిగా పనిచేసేవాడు. చెక్కను చేత్తో తట్టి చప్పుడు విని అది ఎక్కడ చీలుతుందో చెప్పేవాడని పేరు. నాలుగేళ్ల కిందట ఒకరోజు, అతని స్నేహితుడు కోత మిషన్ దగ్గర వంగి రంపంలో ఇరుక్కున్న చెక్కముక్క తీస్తున్నాడు. తమ్ముడు అటు తిరిగి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ స్విచ్ వేశాడు. స్నేహితుడి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. రంపం మీద ఉండాల్సిన మూత ఊడిపోయి ఆరు నెలలైందనీ, తప్పు ఫ్యాక్టరీదేననీ విచారణలో తేల్చారు. "వాడి తప్పేం లేదు" అని ఆ స్నేహితుడే మనిషితో కబురు పంపాడు. అందరూ క్షమించారు. తమ్ముడొక్కడే క్షమించలేదు.

ఆ వారమే గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. స్నానానికీ దొడ్డికీ తప్ప బయటికి రాడు. వీధి గుమ్మం దాటడు. స్విచ్ ముట్టుకోడు. గదిలో లైటు వేసేదీ తీసేదీ అక్కే. ఆమెకు పని ఆలస్యమైతే చీకట్లో కూర్చునేవాడు తప్ప చెయ్యి ఎత్తేవాడు కాదు. డాక్టర్ వచ్చి చూశాడు, మాత్రలిచ్చాడు. కొన్నాళ్లు వేసుకుని మానేశాడు. నెలలు గడిచాయి, ఏళ్లు గడిచాయి. ఆమె ఉతికే దుప్పట్లలో మరకలు పోతున్నాయిగానీ ఇంట్లో మరక అలాగే ఉంది.

ఈ ఏడాది ఒంటిపూట తిండికి దిగాడు. ఒక సాయంత్రం ఆమె కంచం తీసుకుని లోపలికి వెళ్తే, పాలు కాగాయా అని అడిగినంత మామూలుగా అడిగాడు: "అక్కా, నేను లేకపోతే నువ్వు హాయిగా ఉంటావు కదా?"

ఆమె కంచం కింద పెట్టి, "ముందు అన్నం తిను" అంది. మర్నాడు వంటింటి కత్తులు, కత్తెర, దుప్పటి ఆరేసే తాడు అన్నీ సంచిలో వేసుకుని లాండ్రీకి పట్టుకెళ్లి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పట్నుంచీ కూరగాయలు లాండ్రీలోనే తరిగి డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేది. దుప్పటి మూల అందిస్తూ వదిన అడిగింది: "ఏమే, ఇంట్లో కత్తిపీట లేదా?" ఆమె మూల అందుకుని వెనక్కి నడిచింది. వదిన మరి అడగలేదు. ఆ రోజు ఐదు వందల దుప్పట్లూ మాటలేకుండానే మడతపడ్డాయి.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ముందుగదిలో టీవీ నడుస్తోంది. ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న మూడు దీవుల మీద ఏదో కార్యక్రమం. కుండలదీవిలో కుండలు చేస్తారు, చాపలదీవిలో తుంగచాపలు అల్లుతారు, కర్రదీవిలో కొయ్యను తిప్పుతూ చెక్కే తరిమెన మీద గిన్నెలూ బొమ్మలూ చేస్తారు. ఒక ముసలాయన కాలితో పలక తొక్కుతూ, తిరుగుతున్న కొయ్యకు ఉలి ఆనించి గిన్నె తీస్తున్నాడు. రిబ్బన్‌లా పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. కరెంటు లేదు, మోటారు లేదు.

గది తలుపు అంగుళం తెరుచుకుంది.

"అక్కా, ఆ మిషన్‌కి స్విచ్ లేదు."

ఆమె కదల్లేదు. కదిలితే తలుపు మూసుకుంటుందని భయం.

"అవునురా, లేదు."

"కాలు తీస్తే ఆగిపోతుంది."

"ఆగిపోతుంది."

టీవీలో గిన్నె పూర్తయ్యాక, "ఒక్కసారి దగ్గరగా చూడాలనుంది" అన్నాడు. తలుపు మూసుకుంది.

నాలుగేళ్లలో అతను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. మునిగిపోయేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు ఆమె ఆ మాటను పట్టుకుంది.

మర్నాటి నుంచి ఆమెకు మధ్యాహ్నం భోజనం లేదు. ఆ అరగంటలో రేవుకు పరుగెత్తేది. టికెట్ల గుమాస్తాను అడిగినదే అడిగేది. కర్రదీవికి ఉదయం ఏడుంపావు లాంచీ ఒక్కటే. గంటా పది నిమిషాల ప్రయాణం. తిరిగి సాయంత్రం ఐదింటికి అక్కడ బయల్దేరి, కుండలదీవిలో ఆగి, ఊరికొస్తుంది. తొమ్మిదిన్నర లాంచీ కుండలదీవి దాకే. టికెట్ రోజంతా ఏ లాంచీలోనైనా చెల్లుతుంది. జనం తక్కువ ఉండేది ఏ వారం? మంగళవారం. ఎక్కే బల్ల ఎంత వెడల్పు? కింది అంతస్తులో చివర సీటు తలుపు పక్కనేనా? ఇంజిన్ చప్పుడు అక్కడికి వినిపిస్తుందా? కూత వేస్తారా? ఎన్నిసార్లు?

నాలుగో రోజుకి గుమాస్తా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, మీరు దీవికెళ్తున్నారా, దండయాత్రకెళ్తున్నారా?"

"మా తమ్ముడికి జనమంటే భయమండి."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "నెలాఖరు లోపు వెళ్లండి. తరవాత గాలి తిరుగుతుంది. మూడు నెలలు లాంచీలు నడవవు."

అంటే మిగిలినవి మూడు మంగళవారాలు. మూడు నెలలు ఆగే ఓపిక ఆమెకుంది. తమ్ముడికి ఉందో లేదో ఆమెకు తెలియదు. అదే ఆమెను తరిమింది.

లాండ్రీ చీటీ వెనకాల అంతా రాసుకుంది. ఇంటి నుంచి రేవుకు రెండు దారులు. దగ్గరి దారిలో వెల్డింగు షాపుంది, అది పనికిరాదు. చుట్టుదారిలో పాఠశాల గోడ పక్కనుంచి వెళ్తే పొద్దున్నే ఎవరూ ఉండరు. అతను గోడ దగ్గర ఆగాలి. ఆమె ముందు ఎక్కి చివర సీటు పట్టాలి. గుంపు ఎక్కేశాక ఆఖరున అతను ఎక్కాలి. టికెట్, ఒక అరటిపండు అతని చొక్కా జేబులో. ఇదంతా తలుపు బయట కూర్చుని అతనికి చదివి వినిపించేది. లోపలి నుంచి "ఊఁ" అనేవాడు. అభ్యాసం కూడా చేయించింది. ఒకరోజు మెట్ల మలుపు దాకా, ఒకరోజు వీధి గుమ్మం దాకా. గుమ్మం దగ్గర అతని చొక్కా వీపంతా తడిసి ముద్దయింది.

మొదటి మంగళవారం వీధి మలుపు దాకా వెళ్లారు. ఎవరో ఇంట్లో గోడకు డ్రిల్లు పెట్టారు. అతను వెనక్కి తిరిగి ఒక్క పరుగున మేడెక్కేశాడు. ఆ రోజంతా తలుపు వెనక ఏడుపు వినిపించింది. రెండో మంగళవారానికి ముందు రోజు ఇక రాననేశాడు. ఆమె తలుపు మీద నుదురు ఆనించి, జీవితంలో మొదటిసారి తమ్ముణ్ణి బతిమాలింది. "నీ కోసం కాదురా. నా కోసం రా. నాకిక చేతకావట్లేదు."

పొద్దున్నే అతను చొక్కా వేసుకుని నిలబడ్డాడు.

ఏడింటికి రేవులో ఉన్నారు. అతను తెల్లగా పాలిపోయి, గోడకు వీపు అతికించుకుని నిలబడ్డాడు. "నువ్వెళ్లి సీటు పట్టక్కా. అందరూ ఎక్కాక వస్తా."

"రెండే నిమిషాలు. నన్నే చూస్తూ ఉండు."

ఆమె ఎక్కి, చివర సీటు మీద సంచి పెట్టి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. అతను చూశాడు. ఒక యాత్రికుల గుంపు గోలగోలగా వచ్చి బల్ల మీదుగా ఎక్కింది. గుంపు అయిపోయింది. అతను గోడను వదిలి ఒక అడుగు వేశాడు. రెండు. మూడు. సరిగ్గా అప్పుడు కూత పడింది, ఆ వెంటే కాళ్ల కింద ఇంజిన్ గర్రుమంది. అతని ముఖం ఎలా మారిందో ఆమె చూసింది. రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుని ఉన్నచోటే బిగుసుకుపోయాడు. రేవు మనిషి అటూ ఇటూ చూసి, ఇంకెవరూ రావడం లేదనుకుని, బల్ల లాగేశాడు.

"ఆగండి! మా తమ్ముడు! ఆపండి!"

యాత్రికుల్ని తోసుకుంటూ ఆమె తలుపు దగ్గరికి వచ్చేసరికి లాంచీకీ రేవుకూ మధ్య మనిషి పొడవంత వెడల్పున నీళ్లు. కాలు ముందుకు వేసిన ఆమెను లాంచీ పనివాడు నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. "దూకకండమ్మా! కింద పంకా ఉంది!"

లాంచీ నడిపే సరంగు కాళ్లు పట్టుకోబోయింది. ఆయన ఇబ్బందిగా పక్కకు తప్పుకున్నాడు. "పోటు తగ్గితే ఈ కాలవలో లాంచీ దిగబడుతుందమ్మా. డెబ్భై మంది ఉన్నారు. చిన్నపిల్లాడా?"

"ముప్ఫైనాలుగేళ్లు."

సరంగు ఆమెను ఎగాదిగా చూసి మళ్లీ చుక్కాని వైపు తిరిగాడు.

అతనికి ఫోన్ లేదు. వాడడం మానేసి నాలుగేళ్లు. నీళ్ల పక్కన, ఒంటరిగా, వీధి మొహం చూడని మనిషి. తీసుకొచ్చి అక్కడ నిలబెట్టింది తనే. కత్తుల్ని దాచింది, తాడును దాచింది. చివరికి సముద్రం అంచున వదిలేసి వచ్చింది. ఆ మాట ఒకటే తలలో గిర్రున తిరుగుతోంది. పక్కన యాత్రికులు పక్షుల్ని చూపించుకుంటూ ఫొటోలు తీసుకుంటున్నారు.

కర్రదీవి చేరేలోపు టికెట్ మీదున్న నంబరుకు పదిహేను సార్లు చేసింది. దీవిలో దిగాక గుమాస్తా ఎత్తాడు. వెళ్లి చూసొచ్చి, "గోడ దగ్గర ఎవరూ లేరమ్మా" అన్నాడు. వదినకు చేసింది. వదిన ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. "ఉండు, వెళ్తున్నా" అంది. పదింటికి వదిన ఫోన్: "రేవంతా తిరిగాను. లేడే." పదకొండింటికి: "ఇంటికెళ్లా. తాళం వేసినట్టే ఉంది. మళ్లీ రేవుకొస్తున్నా. నువ్వు గుండె దిటవు చేసుకో."

దీవిలో పడవ కోసం కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చేపల పడవలన్నీ తెల్లవారకముందే వెళ్లిపోయాయి. ఒక్క మోటారు పడవ ఉందనీ, అది తరిమెన పట్టే ముసలాయన అల్లుడిదనీ ఎవరో చెప్పారు. పరుగెత్తుకుంటూ ఆ పాకకు వెళ్లింది. టీవీలో చూసిన ముసలాయనే. అదే మిషన్, అదే పొట్టు. చెవుడు కాబోలు, ఆమె మూడుసార్లు అరిచాక కాలు ఆపాడు.

"పడవ చాపలదీవికెళ్లిందమ్మా. సాయంత్రానికిగానీ రాదు. ఏమైంది?"

ఆమె పాక గుంజ పట్టుకుని కూలబడింది. ముసలాయన భార్య మంచినీళ్లిచ్చింది, ముఖం తుడిచింది, అన్నం పెట్టబోయింది. ముద్ద మింగుడుపడలేదు. ఎదురుగా అరల నిండా పచ్చ గిన్నెలు, ఎర్ర బొమ్మలు, గరిటెలు. అవన్నీ కళ్ల ముందున్నాయిగానీ ఆమెకు ఒక్కటీ కనిపించలేదు. మధ్యాహ్నం ఫోన్‌లో చార్జింగు అయిపోయింది. వదిన ఆఖరున చెప్పిన మాట: "గజ ఈతగాళ్లకు చెప్పమంటావా?" ఆమె జవాబిచ్చేలోపే తెర నల్లబడింది.

తిరుగు లాంచీ వచ్చేదాకా రేవు మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నిజమైపోతుందన్నట్టు బిగబట్టుకుంది. తమ్ముడు ఏ చొక్కా వేసుకున్నాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది; ఎవరైనా ఆనవాలు అడిగితే చెప్పాలి కదా. నీలం. పై గుండీ ఊడిన నీలం చొక్కా.

ఐదింటికి లాంచీ కదిలింది. ఆమె ముందు భాగాన కమ్మీ పట్టుకుని నిలబడింది. అరగంటకు కుండలదీవి రేవులో ఆగింది. గడ్డిలో చుట్టిన కుండలు మోసుకుంటూ జనం వరసలో ఉన్నారు. వరస చివర, అందరికీ రెండు బారలు ఎడంగా, నీలం చొక్కా.

ఆమె నమ్మలేదు. కళ్లు మూసి తెరిచింది. అతను బల్ల దగ్గరికొచ్చాడు. ఇంజిన్ ఆడుతూనే ఉంది. చెవులు మూసుకుని, కళ్లు కూడా గట్టిగా మూసుకుని, బల్ల మీద నడిచి లోపలికొచ్చి ఆమెను ఢీకొట్టాడు.

"సీటు పట్టమంటే దీవినే పట్టుకుపోయావేంటక్కా?" అన్నాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

ఆమె అతని చెంప మీద ఒక్కటిచ్చింది. తరవాత ఆ చొక్కా రెండు చేతులా పట్టుకుని, పొద్దున్నుంచీ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. లాంచీ పనివాడు తాడు చుడుతున్నవాడల్లా ముఖం అటు తిప్పుకున్నాడు.

ఏం జరిగిందో దారిలో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. లాంచీ వెళ్లిపోయాక సామాన్ల కొట్టు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఇంటికి వెళ్దామంటే తాళం ఆమె దగ్గరుంది. నీళ్లలోకి చూస్తూ చాలాసేపు కూర్చున్నానని చెప్పి ఆగాడు. ఆమె అతని చొక్కా వదల్లేదు. అతనే అన్నాడు: "నువ్వు దూకబోయావు. ఆయన పట్టుకున్నాడు. చూశాను. నేను లేకపోతే నువ్వు హాయిగా ఉండవు."

తరవాత ఇంకో లాంచీ వస్తే, ఆమె వెళ్లిన చోటికే వెళ్తుందనుకుని, చెవులు మూసుకుని ఎక్కేశాడు. దిగాక తెలిసింది అది కుండలదీవి అని. ఒక కుమ్మరావిడ సారె పక్కన కూర్చోబెట్టింది. మట్టి ముద్ద చేతికిచ్చి, "ఊరికే కూర్చోకు, పిసుకు" అంది. సాయంత్రం దాకా పిసికాడు. గోళ్ల నిండా మట్టే.

"ఆవిడ దగ్గర ఫోనుంటే చెయ్యొద్దూ?"

"నీ నంబరు నాకు రాదక్కా. పక్కగదిలో ఉండేదానికి ఫోనెందుకు చేస్తాను?"

ఊరి రేవులో వదిన నిలబడి ఉంది. ఇద్దర్నీ చూసి ముందు దణ్ణం పెట్టింది, తరవాత నోరు తెరిచింది. ఇంటి గుమ్మం దాకా ఆ నోరు మూతపడలేదు. తమ్ముడు తల దించుకుని తిట్లన్నీ తిన్నాడు.

అంతటితో అంతా బాగైపోయిందని చెప్తే అబద్ధం. ఇంటికొచ్చి తలుపు వేసుకున్న మనిషి ఆరు రోజులు తీయలేదు. ఉన్న ధైర్యం ఆ ఒక్క రోజుకే ఖర్చయిపోయినట్టుంది. అక్కకు పాత భయం మళ్లీ మొదలైంది. కాకపోతే రెండు పూటలా కంచం ఖాళీగా బయటికొచ్చేది. ఏడో రోజు మంగళవారం, గాలి తిరిగే ముందు అదే ఆఖరి లాంచీ. తెల్లవారుతుండగా అతనే ఆమె తలుపు కొట్టాడు. ఈసారి చీటీ లేదు, చుట్టుదారి లేదు. చివర సీటు దొరకలేదు. ఇద్దరూ గుంపులో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడే వెళ్లారు. కర్రదీవిలో ముసలాయన ఎదుట నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాడు తమ్ముడు. ఆయన లేచి చోటిచ్చాడు. పలక మీద కాలు పెట్టి పదిసార్లు తొక్కాడో లేదో, బయటికి పరుగెత్తి పాక వెనకాల వాంతి చేసుకున్నాడు.

"ఇవాళ్టికిది చాలు" అన్నాడు ముసలాయన, ఏమీ జరగనట్టు మళ్లీ పనిలో కూర్చుంటూ.

లాంచీలు లేని ఆ మూడు నెలలూ అక్క ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. రెండుసార్లు పని మధ్యలో ఇంటికి పరుగెత్తింది. రెండుసార్లూ అతను నిద్రపోతున్నాడు.

ఇప్పుడు ఏడాదిన్నర అయింది. మంగళ, శుక్రవారాలు తమ్ముడు ఒక్కడే కర్రదీవికి వెళ్తాడు. గిన్నెలకు నునుపు పట్టే పని ఇచ్చారు. మిగతా రోజులు గదిలోనే ఉంటాడు. చెయ్యి పోగొట్టుకున్న స్నేహితుడి ఇంటికి ఇంకా వెళ్లలేదు. ఆ మాట ఆమె ఎత్తదు. అతను వెళ్లే రోజుల్లో ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడదు, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవదు. ఆరు దాటాక లాండ్రీ వెనక కిటికీ దగ్గర నిలబడుతుంది. అక్కడి నుంచి రేవు కనిపించదు, లాంచీ కూత మాత్రం వినిపిస్తుంది. వదిన అటు చివర దుప్పటి పట్టుకుని, తొందర పెట్టకుండా, ఆమె వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటుంది.